క్యాంపర్ వ్యాన్‌కి సోలార్: రెండు ప్యానెళ్లు, రెండు ట్యూబులర్లు సరిపోతాయా?

సార్, మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. రిటైరయ్యాక పాత ఫోర్స్ ట్రావెలర్ కొన్నారు, 3350 వీల్‌బేస్‌ది. వెనక సీట్లు తీసేసి మంచం, చిన్న వంటగట్టు పెట్టిస్తున్నారు. తిరిగేది మీరూ మేడం గారూ ఇద్దరే. చలికాలంలో అరకు, లంబసింగి, వచ్చే జూన్‌లో లద్దాఖ్, మిగతా రోజుల్లో శ్రీశైలం, మారేడుమిల్లి. టాప్ మీద 540 వాట్ల ప్యానెళ్లు రెండు వేసి, ఇంట్లో ఖాళీగా ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండూ, వాటి ఇన్వర్టరూ బండిలో పెట్టేస్తే ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇండక్షన్ స్టవ్, రాత్రికి ఒక టన్ను ఏసీ నడుస్తాయా అని అడిగారు.

ఫ్రిజ్, ఫ్యాన్లు హాయిగా నడుస్తాయి, ఒక్క ప్యానెల్‌తోనే. ఇండక్షన్ పేచీ పెడుతుంది. ఏసీ నడవదు. ట్యూబులర్లు మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.

నేను కర్నూలు వైపు పొలాల్లో సోలార్ పంపుసెట్లు బిగించే పనిలో పదిహేనేళ్ల నుంచి ఉన్నాను. ఆరేళ్ల కింద నా కోసం ఒక వ్యాన్ కట్టుకున్నా, తర్వాత తెలిసినవాళ్లవి ఇంకో ఐదు చేశా. వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది ప్యానెల్ ఎన్ని వాట్లది వేద్దాం అనే. పొలంలో అయితే ఆ ప్రశ్న సరైందే, పంపు పగలే నడుస్తుంది కాబట్టి. వ్యాన్‌లో కరెంటు ఖర్చయ్యేది ఎక్కువగా రాత్రి. అందుకని లెక్క రాత్రి నుంచి మొదలుపెట్టాలి. సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత కావాలో తేలితే బ్యాటరీ తేలుతుంది. ఆ బ్యాటరీని మర్నాడు నింపడానికి ఎంత కావాలో చూస్తే ప్యానెల్ తేలుతుంది. ఎండ లేని రోజు ఎవరు నింపుతారన్నది మూడో ప్రశ్న, దానికి జవాబు ప్యానెల్ కాదు. అది తర్వాత చెప్తాను.

కరెంటు బిల్లులో యూనిట్లు మనందరికీ అలవాటే కాబట్టి యూనిట్లలోనే చెప్తా. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్.

నలభై అయిదు లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 50 వాట్లు అటూ ఇటుగా తీసుకుంటుంది. డిసెంబర్‌లో రోజుకి 0.35 యూనిట్ దాటదు, మే నెలలో 0.65 దాకా పోతుంది. తక్కువ కరెంటు తినే 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 25 వాట్లు, రాత్రంతా పది గంటలు తిరిగితే అర యూనిట్. ఎల్‌ఈడీ లైట్లు నాలుగు, నాలుగు గంటలు వెలిగితే 0.08. ఫోన్లు, మీ ల్యాప్‌టాప్ కలిపి 0.15. నీళ్ల పంపు రోజంతా కలిపి పావుగంట కూడా తిరగదు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మేడం గారు చట్నీకి 750 వాట్ల మిక్సీ నాలుగు నిమిషాలు తిప్పితే 0.05. చూడ్డానికి పెద్ద వాట్లు, ఖర్చు మాత్రం చిన్నదే. అన్నీ కలిపితే మే నెలలో రోజుకి దాదాపు యూనిట్‌న్నర, చలికాలంలో ఒక యూనిట్. అందులో రాత్రి వాటా ఒక యూనిట్ దాకా ఉంటుంది.

ఈ లెక్కలో జనం మర్చిపోయేది ఇన్వర్టర్ సొంత తిండి. 1000, 1500 వాట్ల ఇన్వర్టర్ ఏమీ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 15 వాట్ల దాకా తింటుంది. ఇరవై నాలుగు గంటలకి 0.36 యూనిట్, అంటే ఇంకో ఫ్రిజ్ పెట్టినట్టే. ఇంట్లోని సింగిల్ డోర్ ఫ్రిజ్ బండిలో ఎందుకు పెట్టకూడదో ఇక్కడే ఉంది. దాని స్టార్ లేబుల్ మీద యూనిట్లు చూస్తే తక్కువే కనిపిస్తాయి, కానీ దాని కోసం ఇన్వర్టర్ రాత్రింబవళ్లు మేలుకుని ఉండాలి. ఫ్రిజ్, ఫ్యాన్, లైటు, పంపు, ఫోన్ ఛార్జర్లు అన్నీ నేరుగా 12 వోల్టుల మీద పెట్టుకుని, మిక్సీకో ల్యాప్‌టాప్‌కో అవసరమైనప్పుడే ఇన్వర్టర్ స్విచ్ వేయండి. పని కాగానే ఆపేయండి. ఆ స్విచ్ మంచం దగ్గర, చేతికి అందేచోట ఉండాలి. సీటు కింద ఉంటే ఎవరూ వంగి ఆపరు, నేను కూడా ఆపను.

ఇంకో హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవగ్గా 'కార్ ఫ్రిజ్' అని దొరికేవాటిలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ ప్లేటు ఉంటుంది. బయటి వేడి కన్నా పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించగలదు, అంతే. బండిలో నలభై ఉంటే లోపల పాలు ఇరవై దగ్గర ఉంటాయి, విరిగిపోతాయి. పైగా ఆగకుండా 50, 60 వాట్లు లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీ. ట్యూబులర్ మంచి బ్యాటరీయే, మీ ఇంట్లో ఉన్నది చక్కగా పనిచేస్తూ ఉండొచ్చు. కానీ అది నేల మీద కదలకుండా కూర్చునే వస్తువు. ఒక్కోటి 50 కిలోల పైనే ఉంటుంది, లోపల యాసిడ్. ఘాట్ రోడ్డులో బండి ఊగితే మూతల్లోంచి చిందుతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మీరు పడుకునేది అదే డబ్బాలో. పైగా సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. రెండూ కలిపి 3.6 యూనిట్లని లెక్క కనిపించినా చేతికొచ్చేది 1.8.

200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి తీసుకోండి. మనవాళ్లు ఎల్‌ఎఫ్‌పీ అంటారు. 12.8 వోల్టుల లెక్కన 2.56 యూనిట్లు, అందులో తొంభై శాతం వాడుకున్నా ఏమీ కాదు, అంటే 2.3. పాతిక కిలోల లోపే ఉంటుంది. మీ రాత్రికి ఒక యూనిట్ కావాలి కాబట్టి, మర్నాడు ఎండ మొహం చూపించకపోయినా మబ్బు వెలుగుకి వచ్చే కాస్తతో రెండో రాత్రి కూడా దాటిపోతుంది. 100 ఏహెచ్‌తో డిసెంబర్‌లో సరిపెట్టుకోవచ్చు, మే నెలలో సాయంత్రానికి అది పూర్తిగా నిండకపోతే తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాన్ ఆగిపోయి లేస్తారు.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. లోపలివి ఎల్‌ఎఫ్‌పీ సెల్సేనా? ఒక్కో సెల్ 3.2 వోల్టులని చెప్పాలి. 3.6, 3.7 అంటే వేరే కెమిస్ట్రీ. ఆ రకం సెల్స్ వేడెక్కితే ఎల్‌ఎఫ్‌పీ కన్నా తేలిగ్గా అంటుకుంటాయి, పాత స్కూటర్ల ప్యాకులు విప్పి కట్టినవీ తిరుగుతున్నాయి, మంచం కింద అలాంటిది వద్దు. రెండోది, బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపల ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్, ఎన్ని ఆంపియర్లది. మూడోది, చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందా. ఈ రెండూ ఎందుకో కింద తెలుస్తుంది.

ఇంటి ఇన్వర్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. దాని ఛార్జర్ ట్యూబులర్ కోసం కట్టినది, లిథియంకి కావాల్సిన సెట్టింగ్ పాత మోడళ్లలో ఉండదు. అది ఇచ్చేది ఇంటి కరెంటులా సాఫీగా ఉండే ప్యూర్ సైన్ వేవ్ కాక స్క్వేర్ వేవ్ అయితే మిక్సీ మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. 1000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చిన్నది విడిగా కొనుక్కోండి. మిక్సీ మొదలయ్యేటప్పుడు రెట్టింపు లాగుతుంది కాబట్టి సర్జ్ 2000 ఉన్నది చూడండి.

ఇండక్షన్ స్టవ్ గురించి మేడం గారు పట్టుబడుతున్నారని రాశారు, అందుకే కొంచెం వివరంగా చెప్తా. 2000 వాట్ల స్టవ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడపాలంటే, ఇన్వర్టర్ నష్టం కలిపి 185 ఆంపియర్లు కావాలి. వెల్డింగ్ మిషన్ రాడ్‌కి ఇచ్చేంత. మామూలుగా దొరికే 200 ఏహెచ్ బ్యాటరీలో బీఎంఎస్ 100 ఆంపియర్లది ఉంటుంది, అంటే 1280 వాట్లు దాటగానే మొత్తం కట్ చేస్తుంది. స్టవ్‌తోపాటు ఫ్రిజ్, లైట్లు కూడా ఆరిపోతాయి. 800 వాట్లలో పెట్టి వాడతాం అనొచ్చు. కానీ చవక స్టవ్‌లు చాలావరకు తక్కువ సెట్టింగ్‌లో కూడా ఎక్కువ వాట్లు లాగి ఆపి, లాగి ఆపి సగటు చూపిస్తాయి. బీఎంఎస్‌కి సగటుతో పనిలేదు. బీఎంఎస్ 200 ఆంపియర్లది వేసి, 70 స్క్వేర్ ఎంఎం కేబుల్ లాగి, ఇన్వర్టర్ 2500 వాట్లది పెడితే నడుస్తుంది. ఒక పూట అన్నం, కూరకి అర యూనిట్ పైన పోతుంది. మూడు పూటలా దాని మీదే అంటే మీ రోజు ఖర్చు రెట్టింపు. నా వ్యాన్‌లో గ్యాసే. 5 కిలోల చిన్న సిలిండర్, కిటికీ తెరిచి వంట. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే కింద పేరుకుంటుంది కాబట్టి సిలిండర్ అరకి అడుగున బయటికి రంధ్రం పెట్టించండి, బ్యాటరీని, స్విచ్‌లని ఆ అరలో పెట్టనివ్వకండి.

ఏసీ సంగతి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రేకు డబ్బాలాంటి బండిలో సగటున 700 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటలకి 5.6 యూనిట్లు, నష్టాలు కలిపితే ఆరు దాటుతుంది. అంటే పైన చెప్పిన బ్యాటరీలు రెండున్నర కావాలి, అదీ ఒక్క రాత్రికి. మీరనుకున్న రెండు ప్యానెళ్లూ మంచి ఎండలో రోజంతా కష్టపడితే 4.2 యూనిట్లు ఇస్తాయి. రెండో రాత్రికే లోటు. ఆ డబ్బుతో వేసవిలో ఏసీ కావాలనిపించిన రాత్రి హరిత హోటల్లో గది తీసుకోవచ్చు, ఇడ్లీ కూడా వాళ్లే పెడతారు. లేదంటే ఏసీ ఉంచుకుని, ప్లగ్గు ఇచ్చే పార్కింగ్ దొరికినప్పుడు మాత్రమే బయటి కరెంటుతో వాడుకోండి. సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు. టాప్‌కి లోపల రెండంగుళాల ఇన్సులేషన్, ఒక రూఫ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురెదురు కిటికీలు ఉంటే మే నెలలో తప్ప ఏసీ గుర్తు రాదు.

ఇప్పుడు ప్యానెల్. టాప్ మీది ఏసీ యూనిట్ చోటు వదిలేస్తే వెనక భాగంలో 2.6 మీటర్ల పొడవు ఉందన్నారు. 540 వాట్ల ప్యానెల్ 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు ఉంటుంది, బరువు పాతిక కిలోల పైన. నిలువుగా ఒకటి చక్కగా కూర్చుంటుంది. రెండోది ఏసీ యూనిట్‌కి ముందు భాగంలో పట్టదు, ఏసీ పక్కగా ఇరికిస్తే దాని నీడ పడుతుంది. ప్యానెల్ లోపల సెల్స్ గొలుసులా కలిపి ఉంటాయి. ఒక మూల నీడ పడితే ఆ మూలే కాదు, ఆ గొలుసు మొత్తం పడిపోతుంది. బైపాస్ డయోడ్లు మూడు ఉంటాయి కాబట్టి మొత్తం చావదు, మూడో వంతు పోతుంది. క్యారియర్ కమ్మీ నీడ, యాంటెన్నా నీడ, అన్నీ దొంగలే.

ఒక్క ప్యానెల్ సరిపోతుందా? 540 వాట్లని అట్ట మీద రాసేది సెల్ 25 డిగ్రీల్లో ఉన్నప్పటి లెక్క. మన రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో టాప్ మీద సెల్ 65 డిగ్రీలకి పోతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున పద్నాలుగు శాతం అక్కడే ఆవిరి. దుమ్ము, వైరు, కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు ఇచ్చే పెట్టె) నష్టాలు, ప్యానెల్ పడుకోబెట్టి ఉండటం, అన్నీ కలిపి నేను ముప్ఫై శాతం తీసేస్తాను. మే నెలలో అయిదున్నర గంటల నిండు ఎండకి 2.1 యూనిట్లు వస్తాయి, మీకు కావాల్సింది ఒకటిన్నర. డిసెంబర్‌లో ఒకటిన్నర వస్తుంది, మీకు కావాల్సింది ఒకటి. మనం భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం కాబట్టి పడుకోబెట్టినా పెద్దగా నష్టం లేదు, వంచే స్టాండ్లూ జాకీలూ ఏవీ వద్దు. ఆగస్టులో అరకులో ముసురు పట్టిందనుకోండి, అర యూనిట్ వస్తే గొప్ప. ఇంకో ప్యానెల్ వేసినా ఆ అర యూనిట్ ఒక యూనిట్ అవుతుంది, అంతే.

అతికించే ఫ్లెక్సిబుల్ ప్యానెళ్లు తేలిగ్గా, అందంగా ఉంటాయి. నేను ఒక బండికి వేశాను, మళ్లీ వేయను. రేకుకి అంటుకుని ఉంటాయి కాబట్టి కింద గాలి ఆడదు, వేడికి పైపొర ఉబ్బుతుంది, రెండు వేసవులకే బుడగలొచ్చాయి. గాజు ప్యానెల్‌నే రేకుకి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో, టాప్ కింద అడ్డ కమ్మీలు ఉన్నచోట బోల్టులతో బిగించండి, రంధ్రాల చుట్టూ పాలీయురెథేన్ సీలెంట్ పెట్టండి. సిలికాన్ కాదు, అది ఊడొస్తుంది. హైవే మీద గాలి కింద దూరి ప్యానెల్‌ని రెక్కలా పైకి లాగుతుంది, అందుకే ముందు అంచుకి గాలి మళ్లించే రేకు ఒకటి వంచి కొట్టించండి.

అసలు చిక్కు ఇది కాదు. ఎండాకాలంలో మీరు బండిని ఎక్కడ ఆపుతారు? చెట్టు కింద. ఎవరైనా అంతే. ప్యానెల్‌కి ఎండ కావాలి, మనకి నీడ కావాలి, రెండూ ఒకే టాప్ కిందా పైనా ఉన్నాయి. చలిదేశాల వాళ్లు చేసే వ్యాన్ వీడియోల్లో ఈ బాధ కనపడదు, వాళ్లు ఎండ కోసం మొహం వాచి ఉంటారు. మొదటిసారి మారేడుమిల్లి వెళ్లినప్పుడు రెండు రోజులు వెదురు పొదల పక్కన ఆపాను. టాప్ మీద 500 వాట్లు పెట్టుకుని కూడా రెండో రోజు రాత్రి ఫోన్ టార్చ్‌తో అన్నం తిన్నాం. అందుకే 120 వాట్ల మడత ప్యానెల్ ఒకటి, పది మీటర్ల వైరుతో పెట్టుకోండి. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. వీలైతే దానికి వేరే చిన్న కంట్రోలర్ పెట్టండి. 18 వోల్టుల మడత ప్యానెల్‌ని 41 వోల్టుల పెద్ద ప్యానెల్‌తో కలిపి ఒకే కంట్రోలర్‌కి ఇస్తే ఒకదాన్ని ఇంకోటి కిందికి లాగేస్తుంది.

కంట్రోలర్ ఎంపీపీటీయే తీసుకోండి, ఇందులో బేరం లేదు. షాపులో పీడబ్ల్యూఎం రకం నాలుగో వంతు ధరకి చూపిస్తారు. మీ ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం ఆ 13 ఆంపియర్లనే తీసుకెళ్లి 13 వోల్టుల బ్యాటరీకి ఇస్తుంది, చేతికొచ్చేది 170 వాట్లు. మిగతా 370 టాప్ మీదే వదిలేసినట్టు. ఎంపీపీటీ ఎక్కువ వోల్టులని ఎక్కువ ఆంపియర్లుగా మారుస్తుంది. దాని మీద 100/30, 100/50 అని రాసి ఉంటుంది. మొదటి అంకె ప్యానెల్ వైపు తట్టుకునే వోల్టులు, రెండోది బ్యాటరీకి ఇచ్చే ఆంపియర్లు. మన ఎండలో, మన వేడికి, 540 వాట్ల ప్యానెల్ 430 దాటేది తక్కువ కాబట్టి ఇక్కడ తిరగడానికి 30 చాలు. లద్దాఖ్ కూడా వెళ్తారు కాబట్టి 100/50 చెప్తున్నా. అక్కడ చలి, పల్చని గాలి, కళ్లు చెదిరే ఎండ. ప్యానెల్ అట్ట మీద అంకెని నిజంగా అందుకునేది అలాంటిచోటే.

మొదటి అంకె విషయంలో ఒక ప్రమాదం ఉంది. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే దానికి ఏమీ తగిలించనప్పుడు చూపించేది, 49.5 దగ్గర ఉంటుంది. రెండు సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి కలిపితే 99, వందలోపే కదా అని బిగించేస్తారు. కానీ చలికి వోల్టేజ్ పెరుగుతుంది. మైనస్ పది డిగ్రీల తెల్లవారుజామున ఒక్కో ప్యానెల్ 54 చూపిస్తుంది, రెండూ కలిపి 108. సూర్యుడు కొండ మీదికి వచ్చిన మొదటి నిమిషంలోనే కంట్రోలర్ కాలిపోవచ్చు, వారంటీ కూడా ఇవ్వరు. మీది ఒక్క ప్యానెలే కాబట్టి ఈ బెడద లేదు. తర్వాత ఎప్పుడైనా ఇంకోటి తగిలించాలనిపిస్తే గుర్తుపెట్టుకోండి.

చలి బ్యాటరీకి ఇంకో రకంగా శత్రువు. ఎల్‌ఎఫ్‌పీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవచ్చు, నింపకూడదు. లంబసింగిలో ఆ భయం లేదు, బ్యాటరీ బండి లోపల మీతోపాటే ఉంటుంది. లద్దాఖ్ వైపు సర్చు, పాంగాంగ్ దగ్గర రాత్రి జూన్‌లో కూడా సున్నా కిందికి పోవచ్చు. చలికి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉంటే ఉదయం తొమ్మిదింటి దాకా అది ఊరికే కూర్చుంటుంది, వేడెక్కాక మొదలుపెడుతుంది. కంగారు పడొద్దు. మనకి రోజూ ఉండే శత్రువు మాత్రం వేడి. మే నెలలో మూసిన బండి లోపల అరవై దాటుతుంది, చాలా బీఎంఎస్‌లు యాభై అయిదు, అరవై దగ్గర ఛార్జింగ్ ఆపేస్తాయి. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఛార్జింగ్ సున్నా ఎందుకు చూపిస్తోందని ఫోన్లు చేసేవాళ్లలో సగం మందిది ఇదే. బ్యాటరీని నేలబారుగా, మంచం కింద, గాలి ఆడేచోట పెట్టండి. రేకు గోడకి, ఇంజన్ వైపుకి ఆనించొద్దు.

ఇప్పుడు ఎండ లేని రోజు సంగతి. ఎవరు నింపుతారంటే, ఇంజన్. 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఒకటి బిగిస్తే బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి తీసుకుని మీ బ్యాటరీని నింపుతుంది. రెండు గంటల ప్రయాణానికి ముప్పావు యూనిట్ పైన. నాలుగు గంటలు నడిపితే మీ రోజు ఖర్చు మొత్తం వచ్చేస్తుంది, బయట కుంభవృష్టి కురుస్తున్నా సరే. రోజూ కదిలేవాళ్లకి రెండో ప్యానెల్ కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. నా మాట అడిగితే ముందు దీన్ని బిగించి, ప్యానెల్ తర్వాత కొనమంటాను. కొంతమంది మెకానిక్‌లు డీసీ-డీసీ ఎందుకు, ఒక రిలే పెట్టి నేరుగా కలిపేద్దాం అంటారు. ఖాళీ లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత తాగుతుంది, ఆల్టర్నేటర్ ఒళ్లు తెలియకుండా ఇస్తూనే ఉండి కాలిపోతుంది. ఒప్పుకోవద్దు.

వైరింగ్ మీద రాయాలంటే రాత్రి తెల్లారుతుంది, ముఖ్యమైనవి చెప్తా. 12 వోల్టుల దగ్గర వైరు సన్నమైతే వోల్టేజ్ దారిలోనే పోతుంది. ఆరు మీటర్ల దూరంలో ఉన్న ఫ్రిజ్‌కి 1 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే ఆరు ఆంపియర్లకే వోల్టు పైన తరిగిపోతుంది, అర్ధరాత్రి ఫ్రిజ్ బ్యాటరీ డౌన్ అని ఆగిపోతుంది. పాపం బ్యాటరీ నిండుగానే ఉంటుంది. ఫ్రిజ్‌కి 4 స్క్వేర్ ఎంఎం, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 16, ఇన్వర్టర్‌కి 35, వీలైనంత పొట్టిగా. ప్యానెల్ నుంచి కిందికి 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్ చాలు, అక్కడ వోల్టులు ఎక్కువ, ఆంపియర్లు తక్కువ. ప్యానెల్ దారిలో ఇంట్లో ఏసీ కరెంటుకి వాడే ఎంసీబీ పెట్టకండి, డీసీ ఆర్క్‌ని, అంటే తెగేటప్పుడు లేచే నిప్పు మెరుపుని, అది ఆర్పలేదు. డీసీ ఎంసీబీ అని అడిగి తీసుకోండి, ప్లస్ మైనస్ గుర్తులు చూసి బిగించండి.

బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. క్లాస్ టీ అనే రకం దొరికితే అది. ఎల్‌ఎఫ్‌పీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు విరజిమ్ముతుంది, చిన్న గాజు ఫ్యూజులు దాని ముందు నిలవవు. నా మొదటి వ్యాన్‌లో టాప్ నుంచి వైరు దిగే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ పెట్టడం మర్చిపోయాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతుంటే మలుపు మలుపుకీ వైరు రేకుకి ఒరుసుకుని, సగం దారిలో కాలిన వాసన. ప్యానెల్ వైరు కాబట్టి 13 ఆంపియర్లతో పోయింది, ఒక జానెడు కేబుల్ మాడింది. అదే బ్యాటరీ వైరై ఉండి, ఫ్యూజు లేకుంటే ఈ జవాబు రాయడానికి బండి ఉండేది కాదు. అప్పట్నుంచి ప్రతి రంధ్రానికీ గ్రోమెట్, వైరు చివర బిగించే ప్రతి లగ్గుకీ హైడ్రాలిక్ క్రింపింగ్, ప్రతి అడుగుకీ ఒక క్లిప్పు. డ్రైవర్ సీటు పక్కన మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్.

కలిపేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి, ఆ తర్వాతే ప్యానెల్‌ని. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఈ వరస తప్పితే కొన్ని కంట్రోలర్లు మొదటి రోజే పోతాయి.

బ్యాటరీలో ఎంత మిగిలిందో వోల్ట్‌మీటర్‌తో తెలియదు. ఎల్‌ఎఫ్‌పీ చాలాసేపు 13.2 దగ్గరే కదలకుండా ఉండి, ఆఖర్లో ఒక్కసారిగా జారుతుంది. షంట్ (దారిలో పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి, వచ్చింది పోయింది లెక్కపెట్టి శాతం చూపిస్తుంది. మీరు లెక్కల మాస్టారు అన్నారు కాబట్టి వారం తిరిగేసరికి దాన్ని చూడటం అలవాటైపోతుంది.

ప్యానెల్ తుడవడం చిన్న పనే కానీ మర్చిపోవద్దు. బేతంచెర్ల నాపరాళ్ల దుమ్ములో రెండు రోజులు బండి ఆపితే నా ప్యానెల్ ముఖం తెల్లబడిపోయింది, తుడిచాక తేడా మానిటర్‌లో కళ్లకి కట్టినట్టు కనిపించింది. పొద్దున్నే తడిగుడ్డతో తుడవండి. మిట్టమధ్యాహ్నం కాలే గాజు మీద చన్నీళ్లు పోయొద్దు.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. సీట్లు తీసేయడం, మంచం వేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వచ్చే మార్పులు, ఆర్టీవో అనుమతి లేకుండా చేస్తే దారిలో ఆపినప్పుడే కాదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బంది. మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది, బండి కడుతున్న వర్క్‌షాప్ వాళ్లకి ఆ పేరు తెలుసో లేదో అడగండి. తెలియకపోతే ఇంకో వర్క్‌షాప్ చూడండి. ప్యానెల్ బిగించాక బండి మొత్తం ఎత్తు కొలిచి స్టీరింగ్ దగ్గర రాసి అంటించండి, పల్లెల్లో రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద పనికొస్తుంది.

ఇక నాకు మీ నుంచి కావాల్సినవి రెండు. ఆల్టర్నేటర్ మీద చిన్న ప్లేటు ఉంటుంది, ఎన్ని ఆంపియర్లదో చూసి చెప్పండి, 90 పైన ఉంటే 30 ఆంపియర్ల డీసీ-డీసీకి ఢోకా లేదు, తక్కువైతే 20ది చెప్తాను. రెండోది, మంచం కింద అర లోపలి కొలతలు. 200 ఏహెచ్ బ్యాటరీ ఒకే పెట్టెగా దూరుతుందా, 100 ఏహెచ్‌వి రెండు పక్కపక్కన పెట్టాలా అన్నది దాన్నిబట్టి చూద్దాం.